తొమ్మిదింటి బడి, ఆరింటి ఆటో

మా ఊళ్లో మిరప కోతలు మొదలయ్యాయంటే వీధిలో ఎవరు వెళ్తున్నారో తలెత్తి చూడక్కర్లేదు, తుమ్మును బట్టి చెప్పేయొచ్చు. మా ఆయాది జంట తుమ్ము. కిరాణా కొట్టాయనది ఒంటి తుమ్మే గానీ కొట్టు పైరేకులు అదురుతాయి. నాది వచ్చినట్టే వచ్చి ఆగిపోయే తుమ్ము. ఉద్యోగంలో ప్రమోషన్ కూడా నాకు అలాగే వచ్చింది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ప్రత్తిపాడుకు కాస్త ఎడంగా, గుంటూరు వెళ్లే పెద్ద రోడ్డుకు ఇవతల మా కేంద్రం. ఇరవై రెండేళ్లుగా అదే గదిలో అదే పని. చేరిన కొత్తల్లో మా అత్తగారు, పిల్లల్ని ఆడించడానికి కూడా గవర్నమెంటు మనిషిని పెట్టాలా అని బుగ్గన వేలేసుకునేది. ఒకరోజు నా పిల్లలిద్దర్నీ ఆవిడ దగ్గర వదిలి ఒక్క పూట మీటింగుకు వెళ్లొచ్చాను. మళ్లీ ఆ మాట ఆవిడ నోట వినలేదు.

అంగన్‌వాడీ అంటే ముంగిలి అని ట్రైనింగులో చెప్పారు. మా కేంద్రానికి ముంగిలి లేదు. ఒక గది, ఒక వసారా, ఒక కుళాయి, ఆ కుళాయి దగ్గర ఎప్పుడూ ఆరని తడి. ముంగిలి లేకపోయినా వాడి మాత్రం ఉంది, అది నా నాలుకది.

మా శాఖను తిట్టుకున్న రోజులెన్నో, పొగుడుకున్న రోజులూ అన్నే. ఎండలో, వానలో గుడ్లొచ్చాయి, పాలొచ్చాయి, బాలామృతం వచ్చింది. పసిపిల్లల్ని తూచే కాటా ఇచ్చారు. బరువు కార్డు మీద ఒక పిల్లవాడి గీత కిందికి జారి జారి, నాలుగు నెలల పాటు గుడ్డూ పాలూ కడుపులో పడ్డాక మళ్లీ పైకి తిరగడం చూస్తే నాకు తీర్థం వెళ్లొచ్చినట్టుంటుంది. రంగు చెక్కబిళ్లల పెట్టె కూడా ఇచ్చారు. గుండ్రటి బిళ్లను చదరపు కంతలో పెట్టి పిడికిలితో కొట్టి కొట్టి ఏడ్చిన పిల్ల, ఒకరోజు బిళ్లను చేత్తో తిప్పి చూసి, ఆలోచించి, సరైన కంతలో వేస్తుంది. చదువు మొదలయ్యేది అక్కడే, పలక మీద కాదు. ఇదంతా ఇచ్చింది శాఖే. కాదంటే కళ్లు పోతాయి. కళ్ల సంగతి తర్వాత చెబుతాను.

శాఖ ఇచ్చినవాటిల్లో ఒక్కటే మా ఊరికి కొలత కుదరలేదు. అది టైము. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు. కేంద్రం గోడకు ఇనప బోర్డు ఉంది. తన కూతురు మా దగ్గరే అక్షరాలు నేర్చిందని వెల్డింగు షాపతను చేసిచ్చాడు. అంకెలు విడిగా రేకులో కోసి మేకులు కొట్టాడు, అందంగా.

జనవరి చివర్నుంచి ఉగాది దాటేదాకా మా ఊరి ఆడవాళ్లు ఆరింటికల్లా ఆటోల్లో ఉంటారు. ఎండెక్కకముందే చేలో దిగాలి. వాళ్లను జతచేసి తీసుకెళ్లే మేస్త్రి కూడా ఆడమనిషే. ఆమె ఒక్క కేక వేస్తే ఆటోకి తాళంచెవి అక్కర్లేదంటారు. ఆరింటికి పోయే తల్లి తొమ్మిదింటికి తెరిచే బడికి పిల్లనెలా పంపుతుంది? నాయనమ్మలున్న పిల్లలు నాయనమ్మల దగ్గర ఉంటారు. లేనివాళ్లు తల్లి ఒళ్లో కూర్చుని చేలోకి పోతారు. అక్కడ చీర ఉయ్యాల్లో కాసేపు పడుకుంటారు, లేచి రాలిన కాయలు ఏరతారు, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు. మిరపకాయకు చిన్నా పెద్దా తేడా తెలియదు.

రెండేళ్ల కిందటి కోతలప్పుడు మా సూపర్‌వైజర్ ఒక కబురు తెచ్చింది. ముప్ఫై కూడా నిండని అమ్మాయి, గుంటూరు నుంచి ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని స్కూటీ మీద వస్తుంది. మంచిది. తిట్టేటప్పుడు కూడా "టీచర్ గారూ" అనే తిడుతుంది. మూడు నెలల హాజరు చూస్తారట, పిల్లలు మరీ తక్కువున్న కేంద్రాల్ని పక్క కేంద్రంలో కలిపేస్తారట. కాయితం మీద దాని పేరు విలీనం. మా పిల్లల హాజరు రోజూ పదింటికి ఫోన్లో ఫొటో తీసి పంపాలి. ఆ కోతల నెలల్లో నా ఫొటోలో పిల్లలు ఆరుగురు. అందులో ఒకడు ఎప్పుడూ నిద్రపోతూ ఉండేవాడు కాబట్టి ఐదున్నర అనుకోవచ్చు.

పక్క కేంద్రం పెద్ద రోడ్డుకు అవతల ఉంది. కోతలున్నన్నాళ్లూ ఆ రోడ్డు మీద మిర్చి బస్తాల లారీలు గుంటూరు యార్డు వైపు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతుంటాయి. మూడేళ్ల పిల్ల ఆ లారీల మధ్య నుంచి అవతలికి పోయి ఆటపాటలు నేర్చుకొస్తుందని ఆ కాయితం రాసినాయన మనసారా నమ్మినట్టుంది. కలిపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అవతలి రిజిస్టర్లో పేర్లు చేరతాయి, పిల్లలు చేరరు.

ఇంటికెళ్లి మా ఆయనతో, నన్ను విలీనం చేస్తారట అన్నాను. పాతికేళ్లుగా నేను నీలో విలీనమై ఉన్నాను, పెద్ద కష్టమేం కాదులే అన్నాడాయన. ఆ రాత్రి కూరలో ఉప్పు మానేశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, రిజిస్టర్లు రాస్తూ పొద్దుపోయి కేంద్రానికి తాళం వేస్తుంటే ఆటో దిగిన ఒకావిడ పిల్లనెత్తుకుని నా దగ్గరికొచ్చింది. ఎత్తుకోవడమంటే మామూలుగా కాదు. రెండు చేతులూ గాల్లోనే ఉంచి, మోచేతుల మధ్య పిల్లను ఇరికించుకుని తెచ్చింది. పిల్లకు మూడు నిండి రెండు నెలలు. కనురెప్పలు రెండూ ఉబ్బి అతుక్కుపోయాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నేను కుళాయి దగ్గర కూర్చోబెట్టుకుని చల్లటి నీళ్లతో కడుగుతున్నంతసేపూ తల్లి రెండడుగుల దూరంలోనే నిలబడింది. దగ్గరికి రావేమ్మా, భయపడుతోంది, పట్టుకో అన్నాను.

"నేను పట్టుకుంటే ఇంకా మండుద్ది టీచరమ్మా," అంది. "ఇంటికి పొయ్యి మజ్జిగతో రుద్దుకుని, ఆముదం రాసుకున్నా కూడా పోదు. కోతలైపోయేదాకా నేను నా పిల్లను ముట్టుకోను."

మా ఊళ్లో ఇది కొత్త సంగతేం కాదు. కోతలకెళ్లే తల్లులు సాయంత్రం పూట పిల్లకు అన్నం కలపరు, తల దువ్వరు, ముక్కు తుడవరు. పక్కింటివాళ్లో, పెద్ద పిల్లలో చేస్తారు. నేను ఈ ఊళ్లో పుట్టి, ఈ కాయలే తిని పెరిగినదాన్ని. అయినా ఆ రోజు దాకా దాన్ని వంటింటి సంగతిగానే చూశాను తప్ప, నా ఉద్యోగం సంగతని నాకు తట్టలేదు. ఇంత ఆలస్యంగా తట్టే బుర్రకు ఇంకా ప్రమోషన్ ఎలా వస్తుంది?

పక్క సోమవారం కేంద్రం ఆరింటికి తెరిచాను. ఎవర్నీ అడగలేదు. అడిగితే కుదరదనేవాళ్లు, అప్పుడు వాళ్ల మాట కాదన్న తప్పు కూడా నా మీద పడేది. అడగకపోతే తప్పు ఒక్కటే.

ఒప్పించాల్సింది ఆయానే. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"అక్కా, తొమ్మిదింటికి రమ్మంటేనే నేను తొమ్మిదిన్నరకొస్తాను. ఆరింటికి రమ్మంటే ఎన్నింటికి రావాలి?"

"ఆరున్నరకి రావే."

"సరే, అట్లయితే వస్తా."

మొదటి రోజు నలుగురు పిల్లలొచ్చారు. మేస్త్రి ఆటో మా వసారా ముందే ఆగేది. తల్లులు దిగి, పిల్లను చాప మీద దించి, మళ్లీ ఎక్కేవాళ్లు. వారానికి పదకొండు మంది అయ్యారు. పది రోజులు తిరిగేసరికి ఇరవై ఒక్కమంది. ఏడింటిదాకా సగం మంది నిద్రే. లేచాక ముఖాలు కడిగి పాలిచ్చేవాళ్లం. తొమ్మిదింటికి కథ, పదింటికి ఫొటో. ఆ ఫొటోలో తలలు పట్టక నేను వీధిలోకి వెనక్కి వెనక్కి నడిచి, ఒకసారి కాలవలో కాలేశాను. సాయంత్రం నాలుక్కి బడైపోయినా ఆటోలు వచ్చేది ఐదున్నరకి. ఆ గంటన్నరా ఆయా, నేనూ వంతులేసుకున్నాం.

పిల్లలకు ఒక పాట కట్టాను. పాటంటే పెద్ద కవిత్వం కాదు. చేతులు కడుగు, ఆ తర్వాత కళ్లు తుడువు, నులమొద్దు, నీళ్లు చల్లు, అంతే. శ్రుతి నా చేతిలో లేదు కాబట్టి తాళం మాత్రం గట్టిగా వేసేదాన్ని.

ఇదంతా పైవాళ్లకు ఎవరు చెప్పారంటే, నా ఫోనే చెప్పింది. కేంద్రం తెరవగానే యాప్‌లో నొక్కాలి, నొక్కితే టైము పడుతుంది. అలవాటు కొద్దీ తలుపు తీయగానే నొక్కేదాన్ని. శాఖ ఇచ్చిన ఫోను, శాఖ మాటే వింటుంది. నా సంచిలో కూర్చుని నా మీదే చాడీలు మోసింది. నెల తిరక్కుండా మెమో వచ్చింది. నిర్ణీత సమయానికి ముందుగా కేంద్రం తెరిచి నిబంధనలు ఉల్లంఘించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆలస్యంగా తెరిచినందుకు మెమోలు తిన్నవాళ్లను చూశాను గానీ, ముందుగా తెరిచినందుకు మెమో తిన్నది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనేమో. ఆయాకు చదివి వినిపించాను. వాళ్లది మెమో అయితే మనది మేము అని చెప్పు అక్కా అంది. ఆమెకూ నా జబ్బే అంటుకుంటోంది.

రెండు రోజులకు పెద్ద మేడం స్వయంగా వస్తున్నారని సూపర్‌వైజర్ ఫోన్ చేసి చెప్పింది. ప్రాజెక్టు మొత్తానికీ అధికారి ఆవిడ. విలీనం జాబితా ఆవిడ చేతి మీదుగానే పైకి పోతుంది. నేను గది దులిపాను, చార్టులు అతికించాను, ఇస్త్రీ చీర కట్టుకున్నాను. ఆ రోజు పొద్దున ఒక చంటివాడు వాళ్లమ్మ తలగుడ్డ పట్టుకుని వదలకుండా ఆటో దిగాడు. అమ్మ వాసన కోసం పట్టుకున్నాడు. ముందురోజు కోతలో ఆమె తలకు చుట్టుకున్న గుడ్డ అది. వాడు ఏడుస్తుంటే ఆ గుడ్డతోనే వాడి చెంపలు తుడవబోయి, చూసుకుని, పక్కన పడేశాను. పడేసిన తెలివి ఉంది గానీ, చెయ్యి కడుక్కునే తెలివి లేకపోయింది. అదే చేత్తో నా కన్ను తుడుచుకున్నాను. నెల రోజులుగా ఇరవై ఒక్కమంది చేత పాట పాడించినదాన్ని నేనే.

పదకొండింటికి మేడం కారు ఆగేసరికి నా కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది, ఎడమది దానికి తోడుగా కారుతోంది. ఈలోపు ఒక అవమానం జరిగిపోయింది. మా హాజరు కూడా ఫోన్లో ముఖం చూపించే వేయాలి. రెప్ప వేయమంటుంది. ఎన్నిసార్లు వేసినా, ముఖం సరిపోలలేదు అంది. ఆ ముఖం చూసి నేనైనా అదే అనేదాన్ని.

మేడం గదిలోకి వచ్చి, పిల్లల్ని ఒకసారి చూసి, ఫోను చూసి, నన్ను చూశారు.

"టీచర్ ఆబ్సెంట్ అని చూపిస్తోందే?"

"ఎదురుగానే ఉన్నానండీ," అన్నాను.

వెనకాల నిలబడ్డ సూపర్‌వైజర్ ముఖం ఎర్రబడింది. నాకు సైగ చేస్తోంది, మాట పెంచొద్దని. ఒక కంటితో సైగలు సరిగ్గా కనపడవు.

"ఆరింటికి తెరవమని మీకెవరు చెప్పారు?"

"ఆటో చెప్పిందండీ."

ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. ఆరింటి ఆటోలు, చీర ఉయ్యాలలు, మోచేతుల మధ్య పిల్లనిరికించుకుని వచ్చిన తల్లి, అన్నీ. తొమ్మిదింటికి రాగలిగిన పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఇంటి ముందుకొచ్చి తీసుకుపోతోందని, మిగిలింది ఆరింటి పిల్లలేనని, వాళ్ల కోసమే కదా ఈ గది ఉంది అని అడిగాను. ఆవిడ ఓపిగ్గానే విన్నారు. తర్వాత, నాలుగు గోడలకూ తెలిసిన ప్రశ్న అడిగారు. టైము కాని టైములో పిల్లలకేమన్నా అయితే ఎవరు బాధ్యులు అన్నారు.

"చేలో అవుతూనే ఉందిగా మేడం. దానికెవరు బాధ్యులో ఇన్నేళ్లుగా నన్నెవరూ అడగలేదు. మెమో కూడా రాలేదు."

అప్పుడు ఆ పిల్ల లేచింది, ఆ కళ్లుబ్బిన పిల్లే. చాప మీంచి నడిచొచ్చి నా చీరకుచ్చిళ్లు పట్టుకుని లాగింది. మేడం ఎవరో, మెమో ఏమిటో దానికి అక్కర్లేదు. నేను మాట్లాడుతూనే చేత్తో కన్ను రుద్దుకుంటున్నాను, అది చూసి లేచింది.

"నులమొద్దు టీచర్," అంది. "చేతులు కడుక్కో. ఆనక నీళ్లు చల్లుకో."

నా పాఠం నాకే అప్పజెప్పింది. నన్ను కుళాయి దాకా నడిపించింది. ఇరవై మంది వెనకాల వచ్చారు. ఎవరో పాటందుకున్నారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చే మనిషి వసారాలో నిలబడి చూస్తుండగా, మూడేళ్ల పిల్ల చెప్పినట్టల్లా నేను ముందు చేతులు కడుక్కుని, ఆ తర్వాత కళ్లు కడుక్కున్నాను.

మేడం పిల్లల బరువు కార్డులు అడిగి తీసుకుని ఒక్కొక్కటే చూశారు. వెళ్లబోతూ, ఆరింటికి తెరవమని నేను ఆర్డరు ఇవ్వలేను అన్నారు.

"ఆర్డరు అడగలేదండీ. అడ్డు రావద్దంటున్నాను."

మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వండి అని చెప్పి కారెక్కారు. సూపర్‌వైజర్ స్కూటీ తీస్తూ, మీ నోరు ఉంది చూశారూ టీచర్ గారూ అని తల పట్టుకుంది.

సంజాయిషీ మొదట నాలుగు పేజీలు రాశాను. పత్తి చేలల్లో పురుగు గురించి కూడా ఎందుకో రాశాను. ఆయా విని, ఇది ఇస్తే ఆమె రిటైరయ్యేలోపు చదవడం అవదు అంది. చించేసి మళ్లీ రాశాను. కేంద్రం ఆలస్యంగా తెరిస్తే సంజాయిషీ అడిగే హక్కు మీకుంది, ముందుగా తెరిచినందుకు నా దగ్గర సంజాయిషీ లేదు, పిల్లలున్నారు, రేపు కూడా ఆరింటికే తెరుస్తాను. కింద సంతకం. మెత్తగా రాయమని మా ఆయన చెప్పాడు. మెత్తగా ఉండాల్సింది అన్నం, సంజాయిషీ కాదన్నాను.

ఆ సాయంత్రం ఆటోలు దిగాక తల్లులు వసారాలో చుట్టూ చేరారు. మేమూ వేస్తాం అన్నారు. కొందరు సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. చేతులు కడుక్కోవడానికి కూడా ఇళ్లకు పోలేదు, నేనూ ఆపలేదు. కాయితం అంచులన్నీ ఎర్రగా మరకలయ్యాయి. సూపర్‌వైజర్ తర్వాత చెప్పింది: ఆఫీసులో ఆ కవరు విప్పిన గుమాస్తా వరసపెట్టి తుమ్మాడట. పక్క టేబుల్ ఆయనా తుమ్మాడట. ఆఖరికి మేడం కూడా, రెండుసార్లు.

ఉగాది దాటాక విలీనం జాబితా వచ్చింది. మా కేంద్రం అందులో లేదు. సంతోషించేలోపే ఇంకో కాయితం వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు, ఇది పునరావృతం కారాదు. నిజం చెప్పాలంటే నాకూ సంతృప్తిగా లేదు, ఇంకాస్త ఘాటుగా రాయాల్సింది. పునరావృతం మాత్రం చేశాను. పోయినేడు కోతలకూ ఆరింటికే తెరిచాను, ఈ ఏడూ తెరిచాను. మా పేరు ఈసారి జాబితాలో ఉంటుందో లేదో నాకింకా తెలియదు. ఎవరైనా అవతలికి తోలుకుపోవాలంటే ముందు ఈ వసారాలో పిల్లల్ని నా దగ్గర్నుంచి లెక్క చూసుకుని తీసుకోవాలి. నేను ఇవ్వను.

బోర్డు మీద తొమ్మిది అంకెకు పైమేకు ఊడిపోయి, అది కిందికి తిరగబడి ఆరులా వేలాడుతోంది. ఆయా ఊడదీసిందో, గాలికే ఊడిందో నేను విచారించలేదు. మొన్న సూపర్‌వైజర్ దాన్ని చూపించి, సరిచేయించండి టీచర్ గారూ అంది. సరిగ్గానే ఉంది కదమ్మా అన్నాను. ఆ అమ్మాయి ఒకసారి బోర్డు చూసి, ఒకసారి నన్ను చూసి, స్కార్ఫ్ ముఖం మీదికి లాక్కుంది. లోపల నవ్విందనే అనుకుంటున్నాను.

ఆరింటికి తెరవడంలో నాకు మొదట తెలియనిది ఒకటుంది. రాత్రంతా ఆముదం పట్టి, పొద్దున సబ్బుతో కడుక్కున్న చేతులకు అప్పటికి మంట దిగుతుంది. కోతల నెలల్లో తల్లి తన పిల్లను ముట్టుకోగలిగేది ఆ కాసేపే. ఆ పిల్ల ఐదేళ్లది, వచ్చే ఏడు పెద్ద బడికి పోతుంది. వాళ్లమ్మ ఇవాళ పొద్దున దాన్ని దించి, రెండు అరచేతుల్లో ముఖం పట్టుకుని, చెంపలు నిమిరి, జుట్టు సర్ది, ముక్కు కూడా తనే తుడిచింది. మేస్త్రి కేకేసింది. ఆటో కుర్రాడు హారన్ మోగించాడు. ఆమె గబగబా లేవబోయింది.

నేను గుమ్మంలోంచి బయటికొచ్చాను.

"ఏరా, రెండు నిమిషాలు ఆగితే నీ ఆటో తుప్పు పడుద్దా? ఆగు."

ఆగాడు.